రాతి పనిముట్ల వయస్సును నిర్ణయించు విధము

మానవజాతికి పూర్వులైన ప్రాణులు ఒక రాతిని మఱియొక రాతితో కొట్టి, రాలిన పెచ్చుల పదునుతో మాంసము కోయుటకును, బరువు రాళ్లతో ఎముకలను పగులగొట్టి మూలుగ తీయుటకును నేర్చుకొనిరి. ఈ విద్య ఎప్పుడు ఆరంభమయ్యెను? ఆ కాలమున లిపి లేదు, శాసనము లేదు. అయినను పండితులు లక్షల సంవత్సరముల లెక్క చెప్పుచున్నారు. ఆ లెక్కకు ఆధారమేమో విద్యార్థులు తెలిసికొనదగును.

రాయి తాను పనిముట్టుగా మాఱిన దినమును చెప్పజాలదు. మనము నేడొక నల్లరాతిని పగులగొట్టినచో, ఆ రాయి కోట్ల సంవత్సరముల నాటిదైనను, పనిముట్టు నేటిదే కదా. కావున పండితులు అది పూడియున్న మంటిపొరలను పరీక్షింతురు. పాతరలో ముందు పోసిన ధాన్యము అడుగునను, వెనుక పోసినది పైనను ఉండును. అట్లే చెదరని నేలలో క్రింది పొర పాతది. పై పొర క్రొత్తది.

ఇందుకు నంద్యాల జిల్లాలోని జ్వాలాపురము చక్కని దృష్టాంతము. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమందలి టోబా అగ్నిపర్వతము బ్రద్దలుకాగా, దాని బూడిద అచ్చట వచ్చి పడెను. ఆ బూడిదకు క్రిందను, పైనను రాతి పనిముట్లు దొరకినవి. క్రిందివి ఆ ఉత్పాతమునకు పూర్వపువి, పైవి తరువాతివి.

అంతకంటె మిక్కిలి ప్రాచీనములైన పనిముట్లు తూర్పు ఆఫ్రికాలో లభించినవి. అచ్చటను అగ్నిపర్వతపు బూడిదయే సాక్షి. బూడిదలోని కొన్ని స్ఫటికములందు పొటాషియము కలదు. అందొక జాతి పరమాణువులు క్రమముగా తఱుగుచు, వానిలో కొన్ని ఆర్గాన్ వాయువగును. ఆ జాతిలో సగము తఱుగుటకు 125 కోట్ల సంవత్సరములు పట్టును. రాయి కరగియున్నప్పుడు ఆర్గాన్ వెలికి పోవును. గట్టిపడిన పిమ్మట లోపలనే చిక్కుకొనును. చిక్కిన ఆర్గానును కొలిచినచో అగ్నిపర్వతము బ్రద్దలైన కాలము తేలును. ఈ పద్ధతిచే 1961లో టాంజానియాలోని ఓల్డువాయి లోయ అడుగు పొర సుమారు 17½ లక్షల సంవత్సరముల నాటిదని తేలెను.

రెండవ సాక్షి భూమియొక్క అయస్కాంత శక్తి. భూమి యొక్క ఉత్తర దక్షిణ ధ్రువముల అయస్కాంత దిశ పూర్వము పలుమాఱులు తలక్రిందులైనది. ఆ దిశ మంటిపొరలలో ముద్రితమై నిలిచియుండును. ఇథియోపియాలోని గోనాలో ఈ రెండు సాక్ష్యములును ఏకీభవించినందున, అచ్చటి పనిముట్లు 25 లక్షల మొదలు 26 లక్షల సంవత్సరముల నాటివని 1997లో ప్రకటింపబడెను.

2011లో కెన్యా దేశమున టుర్కానా సరస్సునకు పశ్చిమమున, లొమెక్వి అను చోట, సోనియా హార్మాండ్, జేసన్ లూయిస్ అను పండితులు ఇంకను పాత పనిముట్లను కనుగొనిరి. వాని వయస్సు 33 లక్షల సంవత్సరములని 2015లో వెల్లడించిరి. మన ప్రజాతికి చెందిన అస్థులలో మిక్కిలి ప్రాచీనమైనది ఇథియోపియాలో దొరకిన 28 లక్షల సంవత్సరముల నాటి దవడయెముక. అనగా పనిముట్లు దానికంటె అయిదు లక్షల సంవత్సరములు ముందున్నవి! పనిముట్టు చేయుటయే మన ప్రజాతి ప్రత్యేక లక్షణమను అభిప్రాయము దీనితో చలించినది. అయితే ఆ రాళ్లు నిజముగా ఆ పొరకే చెందినవా యని కొందఱు పండితులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. వానదెబ్బకు జాఱి వచ్చిన రాతికి పొర సాక్ష్యమీయజాలదు.

ఇంకొక సంగతి ముఖ్యము. మనకు దొరకిన వానిలో పాతది, చేయబడిన వానిలో మొదటిదని తలంపరాదు. పూడిన వానిలో కొన్నియే బయటపడును. బయటపడిన వానిలో కొన్నియే మన కంటబడును. అందుచే 2021లో కొందఱు పండితులు, దొరకిన పనిముట్ల కాలములనుబట్టి గణితముచే లెక్కించి, ఓల్డువాయి రీతి పనిముట్ల ఆరంభము అప్పటికి తెలిసిన కాలమునకు 36,000 మొదలు 63,000 సంవత్సరములు ముందై యుండునని అంచనా వేసిరి. 2023లో కెన్యాలోని న్యాయాంగలో దొరకిన అట్టి పనిముట్లు 26 లక్షలకును 30 లక్షలకును నడుమ కాలమువని ప్రకటింపబడగా, ఆ హద్దు ఇంకను వెనుకకు జరుగుట సంభవమని తోచినది.

కావున విద్యార్థులారా, మొదటి రాతి పనిముట్టు వయస్సెంత యని మిమ్ము నెవరైన అడిగినచో, ఒక అంకెను చెప్పి ఊరకుండకుడు. ఏ చోట, ఏ పొరలో, ఏ సాక్ష్యముచే అది నిర్ణయింపబడెనో చెప్పుడు. పిమ్మట ‘ఇంతకు తక్కువ కాదు’ అను మాటను చేర్చుడు. శాస్త్రజ్ఞానమునకు ఆ చిన్నమాటయే కావలి.