కల్పభేదం: పాత వీరుడికి కొత్త జీవితం

పురాణం చెప్పే శాస్త్రిగారిని ఇరుకున పెట్టాలంటే ఒక్క ప్రశ్న చాలు. "ఆ పురాణంలో అలా ఉంది, ఈ పురాణంలో ఇలా ఉంది, ఏది నిజమండీ?" అని అడిగి చూడండి. ఆయన ఏమాత్రం తడుముకోకుండా "కల్పభేదం నాయనా!" అంటారు. బ్రహ్మకు ఒక పగలు ఒక కల్పం. ప్రతి కల్పంలోనూ సృష్టి మళ్ళీ మొదలవుతుంది. అదే రాముడు, అదే రావణుడు. కథలో మాత్రం కాస్త తేడా. ఈ ఒక్క మాటతో మన పెద్దలు వెయ్యి వైరుధ్యాలను సర్దేశారు.

అమెరికాలో బొమ్మల కథల పుస్తకాలు అచ్చువేసే డి.సి. సంస్థవారికి ఈ ఉపాయం 1961లో తట్టింది. 1940ల నాటి ఫ్లాష్ ఒక భూమి మీద, కొత్త ఫ్లాష్ మరో భూమి మీద ఉన్నారని చెప్పి ఇద్దరినీ బతికించుకున్నారు. భూములు మరీ ఎక్కువై లెక్క తప్పేసరికి 1985–86లో అన్నిటినీ కలిపి ఒకటి చేశారు. 2011లో 'న్యూ 52' అని పేరు పెట్టి మళ్ళీ మొదటి సంచిక నుంచి ఆరంభించారు. దీన్ని వాళ్ళు రీబూట్ అంటారు. మన శాస్త్రిగారైతే కల్పాంతరం అనేవారు.

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది ఆ కల్పాంతరంలో జరిగిన ఒక ప్రత్యేకమైన మార్పు. ఏళ్ళ తరబడి ఆడవారిని ప్రేమించినట్టు చూపిన వీరుణ్ణి, కొత్త కథలో మగవాణ్ణి ప్రేమించేవాడిగా చూపడం. హాస్టల్లో ఈ మాట ఎత్తితే సగం మంది నవ్వుతారు, మిగతా సగం మంది కోప్పడతారు. నవ్వూ కోపమూ కాసేపు పక్కన పెట్టి కథను కథగా చూద్దాం.

గ్రీన్ లాంటర్న్ అనే వీరుడు 1940లో పుట్టాడు. అసలు పేరు ఆలన్ స్కాట్. అతనికి రెండు పెళ్ళిళ్ళు. కవల పిల్లలు, కూతురు జేడ్, కొడుకు ఆబ్సిడియన్. ఈ కొడుకు పురుషులను ప్రేమించేవాడని పాత కథలోనే చెప్పారు. కొత్త కల్పంలో, 2012లో వచ్చిన 'ఎర్త్ 2' పత్రికలో, ఆలన్‌ను పడుచువాడిగా మార్చారు. పడుచువాడికి ఎదిగిన పిల్లలు ఎలా ఉంటారు? వాళ్ళు కథలోంచి తుడిచిపెట్టుకుపోయారు. రచయిత జేమ్స్ రాబిన్సన్ ఇచ్చిన సమాధానం ఇదే: కొడుకు పోయాడు గనక, ఆ గుణం తండ్రికి ఇచ్చాను అని. లెక్క సరిపోయింది గాని, మనిషి సరిపోయాడా? ఆలన్ తన ప్రియుడు శామ్‌కు రైలులో ఉంగరం ఇచ్చి పెళ్ళి మాట ఎత్తగానే ఆ రైలు పేలిపోతుంది. శామ్ చచ్చిపోతాడు. పత్రికలన్నీ గొప్ప విప్లవమని రాసిన ఆ జంట ఒక్క సంచిక కూడా నిండుగా కలిసి బతకలేదు. ఇది నాకు నచ్చలేదు. మన పాత సినిమాల్లో కులాంతర వివాహం చేసుకోబోయే అమ్మాయికి చివరి రీలులో క్షయ వచ్చినట్టే ఉంది.

ఇంతకాలం ఎందుకు ఆగారని మీరు అడగవచ్చు. 1954లో అక్కడి ప్రచురణకర్తలు తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. ఇలాంటి ప్రేమను సూచనగా కూడా చూపకూడదన్నది అందులో ఒక నియమం. అది 1989లో సడలింది. మార్వెల్ సంస్థ వారి నార్త్‌స్టార్ 1992లో నోరు విప్పి చెప్పుకున్నాడు. 2012లో న్యూయార్క్‌లో అతని పెళ్ళి కూడా చేశారు. అంతకు ముందటి ఏడే ఆ రాష్ట్రంలో అటువంటి వివాహానికి చట్టం వచ్చింది. వీరుడు ఆకాశంలో ఎగిరినా పెళ్ళికి మాత్రం రిజిస్ట్రారు ఆఫీసు కావాలి మరి!

1963 నాటి ఐస్‌మాన్ సంగతి వేరు. 2015లో అతని స్నేహితురాలు జీన్, ఇతరుల మనసు చదవగల శక్తి ఉన్నది, అతని మనసు చదివేసి "నువ్వు ఇలాంటివాడివి" అని తానే చెప్పేసింది. ఒకరి గుట్టు మరొకరు విప్పడం స్నేహమేనా? మన ఊళ్ళలో ఇది రోజూ జరిగేదే. కాకపోతే జీన్ ప్రేమగా చెప్పింది, మనవాళ్ళు టీ కొట్టు దగ్గర చెబుతారు. 2021లో సూపర్‌మాన్ పేరు మీద గొడవైనప్పుడు చాలామంది గమనించని విషయం ఒకటుంది: ఆ కథలోవాడు పాత క్లార్క్ కెంట్ కాడు, అతని కొడుకు జాన్. పాతవాణ్ణి ముట్టుకోకుండా వారసుణ్ణి తెచ్చారు. జాగ్రత్త పడ్డారన్నమాట.

ఇక మన ఇంటికి వద్దాం. పాత వీరుణ్ణి మార్చడం మనకు కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుక వధ' రాసి శంబుకుణ్ణి నాయకుణ్ణి చేశారు. 1977లో ఎన్.టి. రామారావు 'దాన వీర శూర కర్ణ'లో దుర్యోధనుడికి యుగళగీతమే పెట్టారు. మన టూరింగు హాళ్ళలో ఈల వేసినవాళ్ళెవరూ వ్యాసుడికి అన్యాయం జరిగిందని లేచిపోలేదు. ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖనూ రేణుకనూ కలుస్తుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆ రేణుక కొడుకు పరశురాముడు తపస్సు చేసుకున్నది మన మందస నుంచి కనిపించే మహేంద్రగిరి మీదనే అంటారు. ఆ కొండ మీద భీముడికీ కుంతికీ ధర్మరాజుకూ గుళ్ళున్నాయి. కథలను తెచ్చి మన కొండకు కట్టుకున్నాం, మనకు కావలసినట్టు చెప్పుకున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ చర్చ రాగానే చాలామంది బృహన్నలనూ శిఖండినీ తెచ్చి "మన దగ్గర ఎప్పటినుంచో ఉంది" అంటారు. తొందరపడకూడదు. బృహన్నలది శాపం వల్ల వచ్చిన రూపం. శిఖండిది స్త్రీ పురుషుడైన కథ. ఎవరిని ప్రేమిస్తారన్న ప్రశ్న వేరు, తాను ఎవరన్న ప్రశ్న వేరు. మనకు దగ్గరి ఉదాహరణ వంగదేశంలో ఉంది. వాల్మీకిలో భగీరథుడు మామూలుగా దిలీపుని కొడుకు. పదిహేనో శతాబ్దపు కృత్తివాసుడు మాత్రం దిలీపుడు పోయాక అతని భార్యలిద్దరి కలయిక వల్లనే భగీరథుడు పుట్టాడని రాశాడు. ఎముకలు లేని ఆ శిశువును అష్టావక్రుడు సరిచేస్తాడు. ఇది అవాల్మీకమే. అయినా బెంగాలీలు ఆ రామాయణాన్ని ఇంటింటా చదువుకున్నారు. గంగను తెచ్చినవాడికి తండ్రి లేకపోయినా గంగ ఆగలేదు.

నా మిత్రుడొకడు, పలాస వాడే, వాదించాడు: "ఏట్రా, కావలిస్తే కొత్త వీరుణ్ణి పుట్టించుకోండి. నా చిన్నప్పటి వాణ్ణి ఎందుకు పాడుచేస్తారు?" ఈ ప్రశ్నలో 'పాడు' అన్న మాట తీసేస్తే మిగిలినదానికి బలముంది. కొత్తవాణ్ణి పుట్టించవచ్చు. కాని కొత్తవాడి పుస్తకం ఎవరు కొంటారు? జనం మనసులో చోటున్నది పాతవాడికే. పైగా చిన్నప్పుడు ఆ వీరుణ్ణి చూసి దుప్పటి మెడకు కట్టుకుని గోడ దూకిన గుంటల్లో, పెద్దయ్యాక మగవాణ్ణే ప్రేమించినవాడు కూడా ఉంటాడు. ఆ వీరుడు అతనికీ చిన్నప్పటి వాడే కదా.

పత్రికలు 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. ఆ మాటలో పోలీసు స్టేషన్ వాసన ఉంది. ఉద్దానంలో మనం వాడే మాటలు ఇక్కడ అచ్చు వేయదగినవి కావు. నడక మెత్తగా ఉన్న పిల్లవాడెవడైనా జీడిపిక్కల ఫ్యాక్టరీ దాటి వచ్చేలోగా అవన్నీ వింటాడు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమ నేరం కాదని తీర్పు ఇచ్చింది. అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కూలిన చెట్లు లెక్కపెట్టుకునే మనకు తీర్పులు గుర్తుపెట్టుకునే తీరిక ఎక్కడిది? పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబరులో అదే కోర్టు ఇవ్వలేదు, అది శాసనసభల పని అంది.

ఆలన్ స్కాట్ కథ ఇంకా మిగిలి ఉంది. 2021లో డి.సి. వారు 1940 నాటి అసలు ఆలన్‌నే తిరిగి తెచ్చారు, ముసలివాడిగా. ఈసారి ఏమీ తుడిచెయ్యలేదు. రెండు పెళ్ళిళ్ళూ ఉన్నాయి, పిల్లలూ ఉన్నారు. తాను ఎవరో ఇన్నేళ్ళూ దాచుకుని బతికానని అతను చెబుతాడు. నా దృష్టిలో 2012 కథ కంటే ఇదే ఉత్తమం. పాత సంగతుల్లో ఒక్కటీ అబద్ధం కాలేదు, వాటి అర్థం మాత్రం మారింది. అడ్డమనుకున్న పెళ్ళిళ్ళే ఇప్పుడు కథకు ఆధారమయ్యాయి. పెద్దల మాట కాదనలేక తాళి కట్టి, లోపల మరో బతుకు బతికినవాళ్ళు టెక్కలి నుంచి కవిటి దాకా ఒక్కరూ లేరని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరైనా చెప్పగలరా? ఆ తాళి కట్టించుకున్న ఆడమనిషి బతుకు ఏమైందన్నది మరో కథ, అదీ రాయవలసిందే.

ఆ ముసలి వీరుడు పిల్లలిద్దరినీ ఎదురుగా పెట్టుకుని విషయం చెబుతాడు. వింటున్న కొడుకు, 2012లో చోటు లేక కథలోంచి పోయిన ఆ ఆబ్సిడియనే.