పీక్ డిస్ట్రిక్ట్ మూర్‌ల్యాండ్ పునరుద్ధరణ

చెట్లు దాదాపు కనిపించని, హెదర్ పొదలు, నాచు, పీట్ (పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాల) నేలలతో నిండిన ఎత్తైన తేమ ప్రాంతాలను మూర్‌ల్యాండ్ అంటారు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1951లో ఏర్పడిన ఇది బ్రిటన్‌లో తొలి జాతీయోద్యానం. పారిశ్రామిక విప్లవం నాటి నుంచి ఫ్యాక్టరీల పొగలోని గంధకం ఇక్కడి స్ఫాగ్నమ్ నాచును చంపేసింది. కార్చిచ్చులు, గొర్రెల అతిమేపు మిగిలిన పచ్చదనాన్నీ దెబ్బతీశాయి. దాంతో బయటపడిన పీట్ కొట్టుకుపోయింది. పీట్ ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. కొట్టుకుపోయిన ఒక మీటరు పొర తిరిగి రావాలంటే వెయ్యేళ్లు కావాలి. నష్టం తీవ్రత అంతటిది.

ఈ నష్టాన్ని సరిదిద్దేందుకు 2003లో మొదలైన ‘మూర్స్ ఫర్ ది ఫ్యూచర్’ భాగస్వామ్యం బ్లీక్‌లో (Bleaklow), కిండర్ స్కౌట్ వంటి ఎత్తైన ప్రదేశాల్లో పనిచేస్తోంది. సున్నం, ఎరువు చల్లి గడ్డి విత్తుతారు. కోసిన హెదర్ కొమ్మలు పరచి నేల కోతను ఆపుతారు. కోతపడిన గండ్లకు రాళ్లతో అడ్డుకట్టలు వేసి, తేమ నిలిచేలా చేసి స్ఫాగ్నమ్ నాటుతారు. దారిలేని చోటికి సామగ్రి హెలికాప్టర్లలో చేరుతుంది.

ఈ కొండలతో ప్రజలకు గాఢమైన అనుబంధం ఉంది. స్వేచ్ఛగా నడిచే హక్కు కోసం 1932లో కార్మిక యువకులు కిండర్ స్కౌట్‌పైకి సామూహికంగా వెళ్లారు; ఐదుగురు జైలుపాలయ్యారు. నేడు స్థానిక వాలంటీర్లు ఈ మూర్‌ల్యాండ్‌లో పర్వత కుందేళ్లు, తుమ్మెదల వంటి జీవుల వివరాలు నమోదు చేస్తున్నారు.