పేరు మార్చుకున్న దేశం

బి.ఎస్సీ. చదివేవాడికి రాజ్యాంగాలతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. పాసుపుస్తకంలో పేరు ఒక్క అక్షరం తప్పుపడితే రైతు ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కాలో ఇంట్లో చూసినవాణ్ణి. అందుకే ఒక దేశం పేరు మీద నడిచిన తగాదా నన్ను పట్టుకుంది.

1991లో యుగోస్లావియా నుంచి విడిపోయి మాసిడోనియా స్వతంత్రమైంది. పొరుగున ఉన్న గ్రీసు ఆ పేరు ఒప్పుకోలేదు. గ్రీసు ఉత్తర భాగాన్నీ మాసిడోనియా అనే అంటారు. ఈవేళ పేరు తీసుకున్నవాళ్ళు రేపు భూమి అడగరా అని వారి అనుమానం. 1993లో తాత్కాలిక నామంతోనే ఆ దేశం ఐక్యరాజ్యసమితిలో చేరింది. 1995లో జెండా కూడా మార్చుకుంది. 2005లో యూరోపియన్ యూనియన్ అభ్యర్థి హోదా వచ్చినా బండి కదల్లేదు. కారణం, అక్కడ కొత్తవారిని చేర్చుకోవాలంటే పాత సభ్యులందరూ సరేననాలి. ఒక్కరు కాదన్నా అంతే సంగతులు.

2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున రాజీ కుదిరింది. దేశం ‘ఉత్తర మాసిడోనియా’ అవుతుంది, భాష మాత్రం మాసిడోనియన్‌గానే ఉంటుంది. సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో 91 శాతానికి పైగా ఔనన్నారు. కాని ఓటేయడానికి వచ్చింది సుమారు 37 శాతమే! అయినా 2019 జనవరిలో 120 మంది సభ్యుల పార్లమెంటు 81 ఓట్లతో రాజ్యాంగాన్ని సవరించింది. కావలసినవి 80.

హమ్మయ్య అనుకునేలోగా 2020 నవంబరులో బల్గేరియా అడ్డం తిరిగింది. మీ భాష మా భాషలోంచి వచ్చిందే, మీ చరిత్రా మాదే అన్నది దాని వాదం. 2022లో కుదిరిన సూత్రం ప్రకారం ఉత్తర మాసిడోనియా తన రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేర్చాలి. 2021 జనాభా లెక్కల్లో వారు 3,504 మంది. మళ్ళీ 80 ఓట్లు కావాలి, ఈసారి దొరకలేదు. 2024 ఎన్నికల్లో ఆ షరతును వ్యతిరేకించిన పక్షమే గెలిచింది. అదే ఏడాది అక్టోబరులో, అంతవరకు జంటగా నడిచిన అల్బేనియా చర్చల్లో ముందుకు వెళ్ళిపోయింది.

తప్పెవరిది? మూడున్నర వేలమంది పేరు రాజ్యాంగంలో రాస్తే ఎవరికీ నష్టం లేదని నాకనిపిస్తుంది. కాని పేరు ఇచ్చి, జెండా ఇచ్చి, ఇంకేం అడుగుతారోనని బెదిరినవాణ్ణి తప్పుపట్టలేను. సోడియాన్ని నేట్రియం అన్నా దాని గుణం మారదు. మనుషులు మూలకాలు కారు గదా! ఎనభై చేతులు లేస్తే సవరణ నెగ్గుతుంది. ఓటేయకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళ మనసు నెగ్గాలంటే, అడిగేవాళ్ళు ఇదే ఆఖరి షరతని మాటిచ్చి నిలబెట్టుకోవాలి.