మంజీరా తీరయాత్ర

పాఠ్యభాగ పరిచయం

తాను చూసిన ప్రదేశాలను, పొందిన అనుభవాలను పాఠకుల కళ్లకు కట్టేటట్లు చెప్పే రచన యాత్రారచన. తెలుగులో ఈ ప్రక్రియకు ఆద్యుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1830–31 సంవత్సరాలలో మద్రాసు నుండి కాశికి చేసిన ప్రయాణ విశేషాలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా ముద్రితమయ్యాయి. నారాయణఖేడ్‌లోని ఒక అధ్యాపకుడు తన విద్యార్థులతో కలిసి చేసిన ఒకరోజు నదీతీర యాత్ర ప్రస్తుత పాఠ్యాంశం. సమీపంలోని ప్రకృతిని శ్రద్ధగా పరిశీలించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

అడవి, నది, వన్యమృగం అనగానే మన మనస్సు దూరదేశాలకు పరుగెత్తుతుంది. ఒకనాడు తరగతిలో యాత్రారచనలను గురించి చెబుతూ నేను థామస్ బెల్ట్ ప్రస్తావన తెచ్చాను. ఆయన గనుల ఇంజనీరుగా పనిచేసిన ఆంగ్లేయుడు. 1868లో మధ్య అమెరికాలోని నికరాగువా దేశానికి వెళ్లాడు. కరీబియన్ సముద్రతీరం నుండి శాన్ హువాన్ నదికి ఎదురెక్కి, పడవలో దట్టమైన అడవుల నడుమ ప్రయాణించి బంగారు గనుల ప్రాంతాన్ని చేరుకున్నాడు. నాలుగేళ్లు అక్కడ ఉండి, కంటబడిన చెట్టూచేమనూ, పక్షులనూ, పురుగులనూ పరిశీలించి గ్రంథస్థం చేశాడు. ఆ గ్రంథం 1874లో వెలువడింది.

ఆ విశేషాలు విన్న ఒక విద్యార్థి లేచి, “సార్, అటువంటి అదృష్టమెక్కడిది మనకు? ఖేడ్ చుట్టూ పత్తిచేలు, కందిచేలు తప్ప చూడడానికి ఏమున్నాయి?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు తరగతి గదిలో సమాధానం చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. “ఆదివారం తెల్లవారుజామున బస్టాండుకు రండి. మంజీర ఒడ్డున చెబుతాను” అన్నాను.

అది జనవరి మాసం. మంచు ఇంకా వీడలేదు. ఇరవైమందిమి బయలుదేరాము. జోగిపేట మీదుగా సింగూరుకు సాగిన ప్రయాణంలో నది పుట్టుపూర్వోత్తరాలు చెప్పాను. మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, బాలాఘాట్ కొండలలో పుడుతుంది. మరాఠీవారు దానిని ‘మాంజ్రా’ అంటారు. లాతూరు, బీదరు సీమలను తడుపుతూ వచ్చి, మన నారాయణఖేడ్ ప్రాంతంలోని గౌడగాం జన్వాడ దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. మెదక్ సీమలో ఏడుపాయలుగా చీలి, తిరిగి ఏకమై, నిజాంసాగరాన్ని నింపి, కందకుర్తి వద్ద గోదావరిలో సంగమిస్తుంది. మొత్తం పొడవు 724 కిలోమీటర్లు. సంస్కృతంలో ‘మంజీరం’ అంటే కాలి అందె. రాళ్ల మీద ఘల్లుమని పారే నదికి అంతకంటె తగిన పేరు లేదు.

సింగూరు ఆనకట్ట మీద నిలబడి చూస్తే జలాశయం సముద్రంలా కనిపించింది. దాని నిల్వ సామర్థ్యం దాదాపు 30 టి.ఎం.సి.లు. ఈ ఆనకట్ట దిగువ నుండి సంగారెడ్డి సమీపంలోని మంజీరా బ్యారేజి వరకు గల నదీభాగాన్ని ప్రభుత్వం 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 20 చదరపు కిలోమీటర్లు. పేరుకు అరణ్యమే గాని ఇక్కడ ఆకాశాన్నంటే వృక్షాలు లేవు. నీరు, జమ్ముగడ్డి, తుమ్మచెట్లు, నడుమ చిన్నచిన్న ద్వీపాలు. ఆ ద్వీపాలను స్థానికులు ‘గడ్డ’లంటారు. పుట్టిగడ్డ, కర్ణంగడ్డ, బాపన్‌గడ్డ అని వాటికి పేర్లున్నాయి.

మధ్యాహ్నానికి మేము అభయారణ్యం చేరుకున్నాము. అక్కడి కావలిదారు ఆ తీరంలోనే పుట్టి పెరిగిన బెస్త. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. పెదవుల మీద వేలుంచి మమ్మల్ని జమ్ము చాటుకు తీసుకువెళ్లాడు. తుమ్మకొమ్మల మీద, రెక్కల చివర గులాబీరంగు పులుముకున్న పెద్ద కొంగలు బారులు తీరి ఉన్నాయి. నీటికాకులు రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. తెడ్డుమూతి కొంగలు బురదను అటూ ఇటూ కలియబెడుతున్నాయి. దూరంగా తలమీద రెండు నల్లని పట్టెలున్న బాతులు కనిపించాయి. హిమాలయాలను దాటి వచ్చే యాత్రికులవి. వాటి పక్కనే ఇటుకరంగు పక్షుల జంటలు.

“ఇవే చక్రవాకాలు” అన్నాను. విద్యార్థులు నమ్మలేనట్లు చూశారు. ప్రబంధాలలో చక్రవాకం పేరు చదవని వారు లేరు. రాత్రివేళ జంట విడిపోయి విరహంతో అలమటించే పక్షిగా కవులు దానిని వర్ణించారు. కాని అది కేవలం కవిసమయంలోని పక్షి అని, నిజంగా లేదని చాలామంది భ్రమిస్తారు. ప్రతి శీతకాలంలోనూ అది మధ్య ఆసియా, టిబెట్టు ప్రాంతాల నుండి వచ్చి మన చెరువుల మీద, నదుల మీద విడిది చేస్తుంది. పుస్తకంలోని మాట ఎదుట రెక్కలు విప్పి ఎగిరినప్పుడు కలిగే ఆనందం వేరు.

అంతలో ఒక విద్యార్థిని ఎదుటి ఇసుకమేటను చూపి, “సార్, అక్కడ మొద్దు పడి ఉంది” అన్నది. కావలిదారు నవ్వి, “మొద్దు కాదు బిడ్డా, కన్ను చూడు” అన్నాడు. అది మంచినీటి మొసలి. ఎండలో నోరు తెరుచుకొని శిలావిగ్రహంలా పడి ఉంది. సంస్కృతంలోని ‘మకరం’ హిందీలో ‘మగర్’ అయి, ఆంగ్లంలో ‘మగ్గర్’గా స్థిరపడింది. చర్మం కోసం సాగిన వేట వల్ల ఒకప్పుడు దేశమంతటా మొసళ్లు అంతరించే స్థితికి వచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పించింది. 1975లో కేంద్రప్రభుత్వం మొసళ్ల పరిరక్షణ పథకాన్ని ప్రారంభించింది.

ఒక విద్యార్థికి ‘గజేంద్రమోక్షణం’ జ్ఞప్తికి వచ్చింది. “సార్, అంత పెద్ద ఏనుగు మొసలికి ఎందుకు లొంగిపోయింది?” అని అడిగాడు. పోతన ఆ ఘట్టంలో పోరు సాగినకొద్దీ ఏనుగు బలం క్షీణించిందని, మొసలి బలం పెరిగిందని వర్ణించాడు. ఇందులో ప్రకృతి సత్యం ఉంది. ఏనుగుకు ప్రతిదినం రాశుల కొద్దీ మేత కావాలి. మొసలి శీతలరక్త జీవి. శరీరాన్ని వెచ్చగా ఉంచుకోవడానికి అది ఆహారాన్ని ఖర్చు చేయదు, ఎండనే ఆశ్రయిస్తుంది. అందువల్ల నెలల తరబడి ఆహారం లేకున్నా జీవించగలదు. ఆకలిదప్పుల పోరులో గెలుపెవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

నేను ఈ మాట చెబుతుండగానే వెనుకనున్న ఒక కుర్రవాడు మొసలి కదులుతుందేమో చూడాలని రాయి అందుకున్నాడు. కావలిదారు అతని చేయి పట్టుకున్నాడు. ఆయన కోపగించుకోలేదు. “వద్దు కొడకా! అది గుడ్లు పెట్టే దినాలు దగ్గరికొచ్చినయ్. ఇప్పుడు బెదరగొడితే తావు ఇడిసి పోతది” అన్నాడు.

తరువాత మమ్మల్ని కూర్చోబెట్టి మొసలి సంసారం వివరించాడు. ఆడమొసలి ఒడ్డున గుంత తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. వానలకు ముందు పిల్లలు లోపలి నుండి అరుస్తాయి. తల్లి ఆ పిలుపు విని మట్టిని తొలగిస్తుంది. ఎముకలను నుగ్గుచేసే ఆ దవడలతోనే పిల్లలను సుతారంగా ఎత్తుకొని నీటిలో విడుస్తుంది. ఆయన చెప్పినదానికి నేనొక విషయం చేర్చాను. పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది గూటిలోని వేడిమి. నది గట్టు మీద నీడ తగ్గినా, ఎండ పెరిగినా ఆ లెక్క తారుమారవుతుంది. ‘మొసలి కన్నీరు’ అని మనం కపటానికి ఉపమానంగా చెప్పుకొనే ప్రాణి మాతృత్వం ఇంత సున్నితమైనది.

“నీళ్లు ఎండిపోతే ఇవి ఏమవుతాయి?” అని ఒకరు అడిగారు. కావలిదారు కొంతసేపు మౌనంగా ఉన్నాడు. 2015–16లో వరుస అనావృష్టి వల్ల సింగూరు అడుగంటింది. ఈ నది నుండి హైదరాబాదుకు సాగే నీటి సరఫరా నిలిచిపోయింది. నీరు తగ్గినప్పుడు మొసలి గట్టులో బొరియ తొలిచి దాగుతుంది. లేదా కొత్త మడుగును వెదకుతూ నేల మీద నడచిపోతుంది. అట్టి స్థితిలో ఊరి పొలిమేరలో కనిపిస్తే జనం కర్రలతో వెంటపడతారు. అది మన ఇంటి మీదికి దండెత్తి రాలేదు. తన ఇల్లు ఎండిపోగా దారి తప్పింది. 2016 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షాలతో జలాశయం తిరిగి నిండింది. “మొసలి ఉన్నదంటే మడుగుల నీళ్లు ఉన్నట్టే సారూ. అది ఇడిసిపోయిందంటే మన బిందెలు గూడ ఎండినట్టే” అన్నాడు కావలిదారు. హైదరాబాదు నగరంతోపాటు సంగారెడ్డి, మెదక్ జిల్లాల పల్లెలెన్నో ఈ నీటినే తాగుతాయి. మొసలి నీరు, మన నీరు వేరుకావని ఆ ఒక్క మాటలో తేలిపోయింది.

సాయంకాలం తిరుగు ప్రయాణమయ్యే ముందు విద్యార్థులను ఒక తుమ్మచెట్టు కింద నిలిపాను. బెల్ట్ తన గ్రంథంలో తుమ్మజాతికి చెందిన ఒక చెట్టును వర్ణించాడు. దాని ముళ్లు ఎద్దుకొమ్ముల వలె బోలుగా ఉంటాయి. ఆ ముళ్లలో చీమలు కాపురముంటాయి. చెట్టు వాటికి ఆహారమిస్తే, అవి ఆకుతినే పురుగులను, పశువులను తరిమి చెట్టును కాపాడతాయి. 1966లో డేనియల్ జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. బెల్ట్ ఈ రహస్యాన్ని కనుగొన్నది అడవి గొప్పది కావడం వల్ల మాత్రమే కాదు. దారిపక్క ముల్లును సైతం ఆగి చూసే ఓర్పు అతనికి ఉండడం వల్ల.

తరగతిలో ప్రశ్న వేసిన విద్యార్థి ఆ మాట విని తలపైకెత్తాడు. కొమ్మల నిండా కొంగల గూళ్లు. కొంతసేపు చూసి, “సార్, వచ్చే ఆదివారం మళ్లీ రావచ్చా?” అన్నాడు. రాయి అందుకున్న కుర్రవాడు కూడా అతని పక్కన చేరి గూళ్లు లెక్కపెడుతున్నాడు. నేను సమాధానం చెప్పవలసిన అవసరం కలుగలేదు.

కఠిన పదాలకు అర్థాలు

ఆద్యుడు = మొదటివాడు
కవిసమయం = కవులు సంప్రదాయంగా పాటించే కల్పన
విడిది = తాత్కాలిక నివాసం
అనావృష్టి = వానలు లేకపోవడం
నుగ్గుచేయు = పొడిచేయు

అభ్యాసం

1. మంజీరా తీరంలో విద్యార్థులు చూసిన పక్షుల విశేషాలను వివరించండి.
2. “మొసలి నీరు, మన నీరు వేరుకావు” అనే భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
3. గజేంద్రమోక్షణంలోని ప్రకృతి సత్యం ఏమిటి?
4. మీ ఊరి చెరువు లేదా వాగు వద్ద ఒక గంట గడిపి, చూసిన ప్రాణులను గురించి ఒక పుట రాయండి.

వ్యాకరణం

జలాశయం = జల + ఆశయం (సవర్ణదీర్ఘ సంధి)
గజేంద్రుడు = గజ + ఇంద్రుడు (గుణసంధి)
అదృష్టమెక్కడిది = అదృష్టము + ఎక్కడిది (ఉత్వసంధి)
ఆకలిదప్పులు = ఆకలియును, దప్పియును (ద్వంద్వ సమాసం)
నదీతీరం = నది యొక్క తీరం (షష్ఠీ తత్పురుష సమాసం)