ధ్రువ సముద్రాల మంచు – ఉపగ్రహ పరిశోధన

మంచు అనగానే తెలుగు పాఠకునికి హిమాలయం స్ఫురిస్తుంది. మనుచరిత్రలో ప్రవరుని పాదలేపాన్ని కరిగించి కథను మలుపు తిప్పినది ఆ పర్వతం మీది మంచే. భూగోళానికి రెండు కొసలలో ఇంకొక విధమైన మంచు ఉన్నది. అది ఆకాశం నుండి కురిసినది కాదు, కొండల మీది నుండి జారినదీ కాదు. సముద్రజలమే చలికి ఘనీభవించగా ఏర్పడినది. దీనిని సముద్రహిమం అంటారు. ఉప్పునీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. అలా గడ్డకట్టే సమయంలో తనలోని లవణాన్ని అధికభాగం దిగువ నీటిలోకి విడిచివేస్తుంది. ఒక్క శీతకాలంలో ఏర్పడిన మంచు సాధారణంగా రెండు మీటర్ల మందానికి మించదు. వేసవిని తట్టుకొని కొన్నేళ్లు నిలిచినది మూడు నాలుగు మీటర్ల దాకా పెరుగుతుంది. నౌకలను ముంచే ఐస్‌బర్గులు వేరు. అవి నేలమీది హిమానీనదాల నుండి విరిగి సముద్రంలో పడినవి. ఈ భేదాన్ని విద్యార్థులు మొదటే గుర్తుంచుకోవాలి.

సముద్రహిమం నీటిపై తేలుతూనే ఉంటుంది కనుక అది కరిగినంత మాత్రాన సముద్రమట్టం చెప్పుకోదగినంతగా పెరగదు. అయినా దానిని గురించి శాస్త్రజ్ఞులు ఇంతగా చింతించడానికి కారణం దాని తెల్లదనం. పొడిమంచు కప్పుకొన్న సముద్రహిమం తనపై పడిన సూర్యకాంతిలో 80 శాతానికి పైగా వెనుకకు పంపివేస్తుంది. మంచులేని నల్లని సముద్రం 90 శాతానికి పైగా తనలో ఇముడ్చుకొంటుంది. తెలుపు తగ్గినకొద్దీ నీరు వేడెక్కుతుంది, నీరు వేడెక్కినకొద్దీ తెలుపు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఏ ఏటికి ఆ ఏడు ఎంత మంచు మిగిలినదో లెక్క తెలియడం అవసరం.

ఈ లెక్కను పూర్వం మనుషులు ప్రాణాలకు తెగించి సేకరించారు. 1881లో జానెట్ అనే అమెరికా నౌక సైబీరియాకు ఉత్తరాన మంచులో చిక్కి నలిగి మునిగిపోయింది. మూడేళ్ల తరువాత దాని శిథిలాలు కొన్ని గ్రీన్లాండ్ తీరాన దొరికాయి. మంచు కదిలిపోతున్నదని, తనపై ఉన్న వస్తువులను ధ్రువసముద్రం మీదుగా మోసుకొనిపోతున్నదని నార్వే దేశస్థుడైన ఫ్రిట్యాఫ్ నాన్సెన్ గ్రహించాడు. 1893లో తన నౌక ఫ్రామ్‌ను బుద్ధిపూర్వకంగా మంచులో చిక్కనిచ్చాడు. ఆ నౌక మూడేళ్లు మంచుతోపాటు కొట్టుకొనిపోయి 1896లో క్షేమంగా బయటపడింది. మంచు గాలి వీచే దిశలో నేరుగా సాగక, 20 నుండి 40 డిగ్రీలు కుడివైపునకు ఒరిగి పోతున్నదని ఆ యాత్రలో నాన్సెన్ గుర్తించాడు. దీనికి భూభ్రమణమే హేతువని గణితంతో నిరూపించినవాడు ఎక్మన్ అనే స్వీడన్ యువకుడు. 1902లో ఉప్సలా విశ్వవిద్యాలయం అతనికి డాక్టరేట్ పట్టా ఇచ్చింది. ఒకరు మంచుపై నిలిచి చూడగా, వేరొకరు బల్లముందు కూర్చొని ఆ చూపునకు అర్థం చెప్పారు. ఈ రంగంలో నేటికీ పరిశోధన ఈ పద్ధతిలోనే సాగుతున్నది.

ధ్రువప్రాంతంలో నెలల తరబడి రాత్రి. సూర్యుడు ఉన్న కాలంలోనేమో తరచుగా మబ్బులు. మామూలు కెమెరాను ఉపగ్రహంలో ఎక్కించి పంపితే ప్రయోజనం పరిమితం. అందువల్ల శాస్త్రజ్ఞులు వెలుగును విడిచి సూక్ష్మతరంగాలను, అనగా మైక్రోవేవ్‌లను ఆశ్రయించారు. ప్రతి వస్తువూ ఎంతో కొంత సూక్ష్మతరంగ వికిరణాన్ని వెలువరిస్తుంది. ఈ వికిరణం నీటి నుండి స్వల్పంగా, సముద్రహిమం నుండి అధికంగా వస్తుంది. మబ్బులు దానిని అంతగా అడ్డగించలేవు, చీకటితో దానికి నిమిత్తం లేదు. 1972 డిసెంబరులో ప్రయోగించిన నింబస్-5 ఉపగ్రహం ఈ మార్గాన్ని చూపింది. అంటార్కిటికా వద్ద వెడెల్ సముద్రంలో నడిశీతకాలాన, మంచు మధ్య, సుమారు రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్ల మేర నీరు తెరుచుకొని ఉండడాన్ని 1974–76 మధ్య అది పట్టి చూపింది. నౌకలపై పోయినవారెవరూ ఊహించని దృశ్యమది. 1978 అక్టోబరులో నింబస్-7 వచ్చింది. అప్పటి నుండి నేటివరకు ఈ లెక్క తెంపులేకుండా సాగుతున్నది.

ఉపగ్రహం మంచును చూడదు. ఇది ముఖ్యమైన విషయం. అది చూసేది వికిరణాన్ని మాత్రమే. సుమారు 25 కిలోమీటర్ల చదరపు గడి ఒక్కొక్కదాని నుండి ఒక సంఖ్య వస్తుంది. ఆ గడిలో మంచు ఎంత పాలు, నీరు ఎంత పాలు అన్నది పరిశోధకుడు ఆ సంఖ్య నుండి రాబట్టాలి. కనీసం 15 శాతం మంచు ఉన్న గడిని మంచుగడిగా లెక్కిస్తారు. వేసవిలో మంచుపలకల పైన కరిగిన నీరు మడుగులు కడుతుంది. మడుగు కింద రెండు మీటర్ల మంచు ఉన్నా పరికరానికి అక్కడ సముద్రమే తోస్తుంది. ఈ అంశంపై డాక్టరేట్ కొరకు పనిచేసే విద్యార్థి మంచును గురించి ఎంత నేర్చుకోవాలో, తన పరికరం ఎక్కడెక్కడ భ్రమపడుతుందో కూడా అంతే నేర్చుకోవాలి.

ఇంకొక చిక్కు ఉన్నది. ఏ ఉపగ్రహమూ నలభై ఏళ్లు బ్రతకదు. ఒకటి ఆగిపోయే లోపల రెండవది రావాలి, రెండింటి లెక్కలూ పొసగాలి. నింబస్-7 పరికరమూ, దాని స్థానంలో వచ్చిన అమెరికా రక్షణశాఖ ఉపగ్రహంలోని పరికరమూ 1987 జూలై, ఆగస్టులలో ఆరు వారాలు మాత్రమే కలిసి పనిచేశాయి. ఆ కొద్దికాలపు పోలికపై దశాబ్దాల లెక్క ఆధారపడి ఉంది. తాళపత్ర ప్రతులను సరిపోల్చి బ్రౌన్ దొర పండితుల చేత కావ్యాలను పరిష్కరింపజేసిన పనికి, దీనికి నాకు దగ్గరి చుట్టరికం కనిపిస్తుంది. ప్రతికీ ప్రతికీ మధ్య లేఖకుని దోషం చొరబడినట్లే ఉపగ్రహానికీ ఉపగ్రహానికీ మధ్య దోషం చొరబడగలదు. అంటార్కిటికా మంచు పెరుగుతున్నదని చూపిన లెక్కలో కొంత భాగం, 1991లో పరికరం మారినప్పటి సవరింపులోని లోపం వల్ల కలిగినది కావచ్చునని ఐసెన్‌మన్ మొదలైనవారు 2014లో ఎత్తిచూపారు. ఇంత చిన్న అతుకు దగ్గర ఇంత పెద్ద వివాదం పుట్టింది.

ఈ పరిష్కరణలన్నీ దాటి నిలిచిన ఫలితం స్పష్టమైనది. 1980 ప్రాంతంలో ఆర్కిటిక్ మంచు సెప్టెంబరు నాటికి, అనగా ఏడాదిలో అతి తక్కువగా ఉండే వేళకు, సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు ఉండేది. ఇది మన దేశ వైశాల్యానికి రెండింతలకు పైమాట. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షలకు పడిపోయింది. అంటే ఇంచుమించు ఒక భారతదేశమంత మంచు మాత్రమే మిగిలింది. దక్షిణాన కథ వేరుగా నడిచింది. అక్కడ 2014లో మంచు రెండు కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి విస్తరించి, 2016లో హఠాత్తుగా తగ్గింది. 2023 ఫిబ్రవరిలో 18 లక్షల కంటే తక్కువకు క్షీణించింది.

వైశాల్యం తెలిస్తే సగమే తెలిసినట్లు. పలుచని మంచు, మందమైన మంచు పైనుండి చూస్తే ఒకటే తెలుపు. మందాన్ని కొలిచే విద్యకు బాటవేసిన వారిలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన సీమోర్ లాక్సన్ ప్రముఖుడు. ఉపగ్రహం నుండి పంపిన రాడార్ తరంగం మంచుపలకను తాకి తిరిగి వస్తుంది. పలకల మధ్య పగుళ్లలోని నీటిని తాకినది రవ్వంత ఆలస్యంగా వస్తుంది. ఆ కాలభేదం నుండి మంచు నీటికి ఎంత ఎత్తున తేలుతున్నదో తెలుస్తుంది. మంచు మందంలో సుమారు పదోవంతు మాత్రమే నీటికి పైన ఉంటుంది. కనుక పైన ఒక సెంటీమీటరు పొరపాటు మందంలో పది సెంటీమీటర్ల పొరపాటు అవుతుంది. ఈ పనికోసమే యూరప్ దేశాలు నిర్మించిన క్రయోశాట్ 2005 అక్టోబరులో రాకెట్ వైఫల్యం వల్ల నాశనమైంది. దానిని మళ్లీ నిర్మించి 2010 ఏప్రిల్‌లో పంపారు. శరత్కాలపు ఆర్కిటిక్ మంచు ఘనపరిమాణం 2003–08 నాటికంటే నాలుగువేల ఘన కిలోమీటర్లకు పైగా తగ్గినదని క్రయోశాట్-2 కొలతలతో లాక్సన్ బృందం తేల్చింది. ఆ వ్యాసం 2013లో వెలువడేనాటికి లాక్సన్ లేడు. ఆ ఏడాది జనవరిలోనే ప్రమాదవశాత్తు మరణించాడు.

మంచుపలక మీద కురిసిన పొడిమంచు తన బరువుతో పలకను నీటిలోకి అణచివేస్తుంది. దాని లోతు తెలియనిదే మందం లెక్క తేలదు. ఉపగ్రహాల యుగంలో కూడా ఈ లోతు కొరకు పరిశోధకులు చాలాకాలం ఆధారపడినది 1954–91 మధ్య సోవియట్ దేశస్థులు తేలే మంచుపై శిబిరాలు వేసుకొని కొలబద్దలతో కొలిచిన సంఖ్యల మీదనే. ఆ ఊరూపేరూ తెలియని కొలతగాళ్ల శ్రమకు లభించవలసినంత గౌరవం లభించలేదని నా అభిప్రాయం.

ఈ సమస్యకు ఒక పరిష్కారం మన శ్రీహరికోట నుండి వెళ్లింది. 2013 ఫిబ్రవరి 25న అక్కడి నుండి భారత, ఫ్రాన్స్ దేశాల ఉమ్మడి ఉపగ్రహం సరళ్ బయలుదేరింది. దానిలోని ఆల్టికా రాడార్ తరంగాలు పొట్టివి. అవి పొడిమంచులోకి అంతగా చొరలేక పైపైనే తిరుగుతాయి. క్రయోశాట్ తరంగాలు లోపలికి పోయి గట్టిమంచును తాకుతాయి. రెండింటి తేడా పొడిమంచు లోతును తెలుపుతుందని లండన్ పరిశోధకులు మొదలైనవారు పనిచేశారు. అంటార్కిటికాలో మన భారతి కేంద్రం వద్ద ఉపగ్రహ సంకేతాలను అందుకొనే స్థావరం ఒకటి ఉన్నది. అక్కడ అందిన సమాచారం హైదరాబాదు సమీపాన షాద్‌నగర్‌కు చేరుతుంది.

అయితే క్రయోశాట్ తరంగం ప్రతిసారీ గట్టిమంచు దాకా పోతుందా? పొడిమంచు తడిసినా, దానిలో ఉప్పు చేరినా మధ్యలోనే ఆగి వెనుదిరుగవచ్చు. దీనిని తేల్చడానికి మళ్లీ మంచుమీదికే పోవలసి వచ్చింది. 2019 శరత్తులో జర్మనీ నౌక పోలార్‌స్టెర్న్, నాన్సెన్ చేసినట్లే, ఒక మంచుపలకకు తనను కట్టివేసుకొని ధ్రువసముద్రం మీద కొట్టుకొనిపోయింది. పలు దేశాల శాస్త్రజ్ఞులు ఆ పలక మీద రాడార్‌ను నిలిపి, పక్కనే పొడిమంచును తవ్వి కొలిచారు. 2020 జూలై చివరలో ఫ్రామ్ జలసంధిలో, నాన్సెన్ నౌక పేరు పెట్టుకొన్న ఆ నీటిలోనే, పలక ముక్కలైపోయింది. అప్పటికే పరికరాలను నౌకకు చేర్చుకొన్న పరిశోధకులు ఇంకొక పలకను వెదకుతూ ఉత్తరానికి సాగిపోయారు.