ఇంజన్ విప్పక ముందు

ఆటోనగర్, విజయవాడ

చి. ల. సౌ. మాధవిని మామయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుపు ఆపుకుంటూ మాట్లాడావు గనక అడగాల్సినవి సగం అడగలేకపోయాను. చెప్పాల్సినవి ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువుకో.

అన్నిటికంటే ముందు బండి ఉన్న షెడ్డుకు ఫోన్ చేసి దాని మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పు. సాయంత్రంలోగా సరేనంటే రేపే ఇంజన్ దింపుతానని మెకానిక్ అన్నాడు, లక్షా ముప్పై వేలు అడిగాడు అన్నావు. ఆ డబ్బు ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి సంగతి. ఇంజన్ ఇప్పుడెలా ఉందో అలా ఉన్నంతవరకే, అది ఎందుకు పోయిందో తెలుసుకోగలం. ఒకసారి విప్పి, డీజిలు పోసి కడిగి, పాత బేరింగులు తుక్కులో వేశాక ఇక ఎవరూ చెప్పలేరు. అప్పుడు నీకు ఈ పాత బండి అమ్మినవాణ్ణి అడగడానికి నీ చేతిలో ఆధారం మిగలదు. కారణం పట్టుకోకుండా వేసిన కొత్త బేరింగులూ అదే దారిన పోతాయి. నీకు కలిగే రెండు నష్టాలూ ఈ తొందరలోనే ఉన్నాయి. షెడ్డులో రోజుకింత అని అద్దె అడిగితే ఇచ్చెయ్యి.

ఇంకెవరు చెప్పినా తాళం తిప్పొద్దు. సెల్ఫ్ కొట్టి చూద్దామని, తోసి చూద్దామని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పట్టేసిన క్రాంకును బలవంతాన తిప్పితే గీత పడ్డచోట గాడి పడుతుంది.

నువ్వు చెప్పిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. నకిరేకల్ దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది, కాసేపటికి కింది నుంచి టకటకమని చప్పుడు మొదలైంది, తర్వాత బండి దానంతటదే ఆగిపోయింది. టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. ఆవిరి లేదు, పొగ లేదు. కాబట్టి ఇది వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయిన కేసు కాకపోవచ్చు. ఆయిల్ అందక పోయిన ఇంజన్ అనే నా అనుమానం. క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఉండే సందు 0.05 మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ సందులో ప్రెజరుతో నిలిచే ఆయిల్ పొరే క్రాంకును మోస్తుంది. ఆ పొర తెగిందంటే లోహం లోహంతో రాసుకుంటుంది. నువ్వు విన్న టకటక అదే.

ఆ ప్రెజరు ఎందుకు పడిపోయిందన్నదే మనకు కావలసిన సమాధానం. బండి కిందికి టార్చి పట్టుకుని దూరి ఆయిల్ చాంబర్‌ను చూడమను. కొత్తగా గీసుకుపోయిన గుర్తో, సొట్టో, చీలికో ఉంటే రాయి తగిలి ఆయిల్ కారిపోయిందన్నమాట. అప్పుడు అమ్మినవాడి తప్పు కాదు, అది మనం ఒప్పుకోవాలి. చాంబర్ శుభ్రంగా ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా సరిపడా ఉంటే కథ వేరు. పాత ఓనరు ఏళ్ల తరబడి ఆయిల్ సరిగా మార్పించక లోపల జీడిపాకంలా నల్లటి మడ్డి పేరుకుని, ఆయిల్ పంపుకు ముందుండే జాలీ మూసుకుపోయి ఉంటుంది. లేదంటే బేరింగులు ముందే అరిగిపోయి ఉంటే, ఆ చప్పుడు వినపడకుండా అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోసి ఉంటారు. ఇది మా వీధిలో అందరికీ తెలిసిన పనే. చిక్కటి ఆయిల్‌తో ఊళ్లో నాలుగు రోజులు బాగానే తిరుగుతుంది, హైవే మీద గంటసేపు వేడెక్కితే బయటపడుతుంది. నీ బండి సరిగ్గా అలాగే హైవే మీద ఆగింది.

ఇప్పుడు చేయాల్సిన పని. అమ్మిన కన్సల్టెన్సీ వాడికి ఈ రోజే వాట్సాప్‌లో రాయి, అదే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపు. బండి ఫలానా తారీఖున, ఫలానా చోట, మీటరు మీద ఇన్ని కిలోమీటర్ల దగ్గర ఆగింది. ఫలానా షెడ్డులో ఉంది. ఫలానా రోజు ఆయిల్ దింపి చూస్తున్నాం, మీరు గానీ మీ మెకానిక్ గానీ వచ్చి చూసుకోవచ్చు అని రాయి. తిట్టు ఒక్కటి కూడా రాయకు. లైటు వెలిగాక ఆపకుండా కాసేపు నడిపావు కదా, అదీ దాచకు. వాడు ఎలాగూ ఆ మాటే పట్టుకుంటాడు, నువ్వే ముందు చెబితే నీ మిగతా మాటలకు బలం ఉంటుంది. నాలుగైదు రోజులు గడువు ఇవ్వు. రాకపోతే రాలేదన్నది కూడా ఆధారమే.

ఆయిల్ దింపే రోజు వీడియో ఆపకుండా తియ్యండి, మీటరూ నంబరు ప్లేటూ ముందు చూపించి మొదలుపెట్టండి. శుభ్రమైన టబ్బులోకి ఆయిల్ దింపించు. కొంచెం సీసాలో పట్టి, మూత బిగించి, తారీఖు రాసిన కాగితం అంటించి దాచు. టబ్బులోని ఆయిల్‌ను తెల్లటి గుడ్డ మీద ఒంపి ఎండలో పెట్టి చూడు. వెండి రజనులా, రాగి రంగులో మెరుపు తేలితే బేరింగు లోహం. అయస్కాంతం తిప్పి చూడు; దానికి అంటుకుంటే ఇనుము, అంటే రింగులో, చైనో, క్యామో. అంటుకోకపోతే బేరింగు పైపూతో, పిస్టనో. ఆ తర్వాత ఆయిల్ ఫిల్టరు కోయించి మడతల కాగితం విప్పి పరిచి చూడు. అది ఎవరూ కడగరు, ఎవరూ తుడవరు, అందుకే నేను దాన్ని ఎక్కువ నమ్ముతాను. మడతల లోతున రజను గట్టిగా పేరుకుని, మడ్డితో కలిసి నల్లబడి ఉంటే అరుగుదల నీ చేతికొచ్చాక మొదలైంది కాదు. చివరికి చాంబర్ దింపి జాలీని ఫొటో తియ్యండి. చూసింది చూసినట్టు మెకానిక్ చేత లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం, స్టాంపు వేయించు. బండి కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ నుంచే అలాంటి కాగితం దొరికితే మరీ మంచిది, డబ్బు తీసుకున్నా సరే.

అదే సర్వీస్ సెంటర్లో ఇంకో పనుంది. ఆర్సీ చూపించి పాత సర్వీసు వివరాలు ప్రింటు అడుగు. ఏ తారీఖున ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో, ఏం కంప్లయింటు చెప్పారో అందులో ఉంటుంది. నీకు అమ్మేనాటి మీటరు కంటే రెండేళ్ల కిందటి మీటరే ఎక్కువ చూపిస్తే మీటరు తిప్పారని ఇట్టే తేలిపోతుంది. అమ్మకానికి ముందు ఆయిల్ లైటు వెలుగుతోందని ఎవరైనా చెప్పిన నమోదు కనిపిస్తే, తల్లీ, ఆ ఒక్క కాగితం చాలు.

డెలివరీ నోటు మీద ‘ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను’ అని సంతకం పెట్టానని భయపడుతున్నావు. చూస్తే తెలిసే లోపాలకు ఆ సంతకం అడ్డొస్తుంది, నిజమే. కానీ తెలిసి లోపాన్ని కప్పిపెట్టి అమ్మడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసమే. ఊరికే చెప్పకపోవడం వేరు, కప్పిపెట్టడం వేరు, ఆ తేడా గుర్తుంచుకో. కొనేముందు ఇంజన్ ఎలా ఉందని నువ్వు అడిగితే, ‘ఒక్క రూపాయి పని లేదు మేడం’ అని వాడు పెట్టిన మెసేజీ ఉందన్నావు. దాన్ని పోగొట్టుకోకు, మీ ఆయన ఫోన్లోకి కూడా పంపించి పెట్టు.

వాడు మేం మధ్యవర్తులం మాత్రమే అంటాడు. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో, రసీదు ఎవరి పేరున ఉందో చూడు. పాత బండ్లు అమ్మేవాళ్లు ఆర్టీవో దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. నీ ఉత్తరంలో ఆ పత్రం నంబరు కూడా అడుగు. ఎవరో ఒక ఓనరు తన సొంత బండి నేరుగా అమ్మి ఉంటే వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయేది, సివిల్ కోర్టే గతి. నువ్వు వ్యాపారం చేసేవాడి దగ్గర కొన్నావు కాబట్టి ఆ దారి ఉంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యి. కదలిక లేకపోతే జిల్లా కమిషన్. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక నువ్వు ఉండే చోటే వేసుకోవచ్చు, రెండేళ్ల లోపు వెయ్యాలి, అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. నువ్వు కట్టింది నాలుగూ ఎనభై. లాయరు లేకుండా నువ్వే మాట్లాడుకోవచ్చు, కాకపోతే లోపం ముందునుంచే ఉందని చూపించే బాధ్యత నీదే. ఆ సీసా, ఆ ఫిల్టరు, ఆ కాగితాలు అందుకే.

అయినా కోర్టు దాకా వెళ్లకుండా తెగితే నాకు సంతోషం. వాడు ఖర్చులో సగం ఇస్తానంటే, రాతపూర్వకంగా, రిపేరు మొదలుపెట్టే ముందే డబ్బు ఇస్తే ఒప్పుకో. ‘మా మెకానిక్ దగ్గరికి పంపండి, చేయించి ఇస్తాం’ అంటే మాత్రం వద్దు. ఈసారి ఇంకా చిక్కటి ఆయిల్ పోసి పంపిస్తారు.

ఇన్సూరెన్సు గురించి అడిగావు. మామూలు పాలసీ అరుగుదలకూ, ఇంజన్ దానంతటది పోవడానికీ ఇవ్వదు. రాయి తగిలి చాంబర్ పగిలినట్టు తేలితే చాంబర్ వరకు క్లెయిము అడగొచ్చు. లోపల ఇంజన్‌కు ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉంటేనే ఆశ. ఏదేమైనా పాలసీ నీ పేరు మీద ఉండాలి. బండి చేతులు మారిన 14 రోజుల్లో దానికి దరఖాస్తు పెట్టాలి. ఆర్సీతో పాటు అదీ కన్సల్టెన్సీ వాడే చూసుకుంటాడని వదిలేశావేమో, ఇవాళే కనుక్కో. బండి కదలకపోయినా ఈఎంఐ ఆపొద్దు. బ్యాంకుకు, ఈ గొడవకు సంబంధం లేదు.

ఇక బాగు చేయించడం. నాలుగూ ఎనభై పెట్టాం కదా అన్న లెక్క పక్కన పెట్టు. ఇంజన్ పోయిన బండి ఇలాగే అమ్మితే ఎంతొస్తుంది, బాగయ్యాక ఎంత పలుకుతుంది, మధ్య తేడా రిపేరు ఖర్చు కంటే ఎక్కువా కాదా, అంతే చూడాలి. మా ఆటోనగర్‌లో పాత ఇంజన్లు దొరుకుతాయి, చవకే. కానీ అది ఏ బండిలోంచి ఎందుకు వచ్చిందో నువ్వు కనుక్కోలేవు. బిల్లు లేకపోతే ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించలేవు. నీకు అది వద్దనే నా అభిప్రాయం. బ్లాకు బాగుంటే ఉన్న ఇంజన్నే చేయిద్దాం. క్రాంకు కొలిచి, కంపెనీ ఒప్పుకునే మోడలైతే 0.25 మిల్లీమీటరు తక్కువ సైజుకు గ్రైండింగ్ చేసి ఆ సైజు బేరింగులు వేస్తాం. గ్రైండింగ్ పనికిరాని క్రాంకులు కొన్ని ఉంటాయి, వాటికి కొత్తదే.

ఒక్క విషయం మాత్రం ఎస్టిమేటులో రాతపూర్వకంగా ఉండాలి. ఆయిల్ కూలరు, ఆయిల్ దారులు, టర్బో సంగతి. రజను కూలరు లోపల ఇరుక్కుని ఉంటుంది, కడిగినా పూర్తిగా రాదు. దాన్ని మార్చకుండా కొత్త బేరింగులు వేసిన ఇంజన్లు మళ్లీ మా షాపుకే రావడం ఇన్నేళ్లుగా చూస్తున్నాను. లక్షా ముప్పై వేలలో కూలరు ఉందా అని ఆ మెకానిక్‌ను అడుగు. లేదంటే వేరే చోటు చూద్దాం. తీసేసిన పాత సామానంతా గోనెసంచిలో వేసి నీకు ఇచ్చెయ్యాలని కూడా ముందే మాట్లాడుకో. కేసు తేలేదాకా అది నీ ఇంట్లోనే ఉండాలి.

షెడ్డులో అందరూ మీ ఆయన వంక చూసి మాట్లాడుతున్నారని బాధపడ్డావు. బండి నీ పేరున ఉంది, డబ్బు నీది, సంతకం నీది. ప్రశ్నలు నువ్వే అడుగు, జవాబు నీకే చెప్పమను. అత్తవారింట్లో ఎవరైనా ఏమైనా అంటే నా పేరు చెప్పు. బండి కొనడంలో నువ్వు తప్పు చేయలేదు. కొనే రోజు అరగంట ఊళ్లో తిప్పి చూస్తే తెలిసే లోపం కాదిది.

ఆయిల్ దింపే రోజు ఖాయం కాగానే చెప్పు. ముందు రోజు రాత్రి బస్సెక్కి పొద్దున్నే అక్కడుంటాను. అమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాను, నీకు ఫోన్ చేసి కంగారు పెట్టొద్దన్నాను. సర్వీసు వివరాల ప్రింటు దొరికితే ఈలోగా ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మామయ్య