సున్నాలా కనిపించే అక్షరం

గుంటూరు,
జూన్, 2021

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరాన్ని పెద్దమ్మ నాలుగుసార్లు చదివింది. 30 గంటల డ్యూటీ చివర్లో 11వ బెడ్డు పేషెంటు ఇన్సులిన్‌ని 12వ బెడ్డు కేస్‌షీట్‌లో రాశావని, సిస్టర్ చూసి ఆపిందని రాశావు. అంతవరకూ సరే. డాక్టరుగా పనికిరానేమో అన్నావు చూడు, ఆ మాటకి మాత్రం పెద్దమ్మకి కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

నిద్రలేని మనిషి మెదడు ఎలా ఉంటుందో 1997లోనే ఆస్ట్రేలియాలో కొలిచారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. మన దేశంలో 0.03 శాతం దాటితే చాలు, బండి ఆపి కేసు రాస్తారు. బోస్టన్‌లోని ఐసీయూల్లో ఇంటర్న్‌లను గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. 24 గంటలు దాటే డ్యూటీల్లో వాళ్లు చేసిన తీవ్రమైన తప్పులు, గంటలు తగ్గించినప్పటి కంటే 36 శాతం ఎక్కువ. ఆ పిల్లలు చదువురాని వాళ్లు కారు, బుజ్జీ.

ఇక ఇన్సులిన్ సంగతి. ఇది వినే తీరాలి.

మీ పెద్దమ్మ కొత్తగా నర్సుగా చేరిన రోజులవి. వరసగా మూడో రాత్రి డ్యూటీ. కేస్‌షీట్‌లో ‘4’ పక్కన యూనిట్లకి గుర్తుగా ‘యు’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. దాని నోరు మూసుకుపోయి అచ్చం సున్నాలా కనిపించింది. మరిగించిన గాజు సిరంజి నిండా 40 యూనిట్లు ఎక్కించుకుని మంచం దగ్గరికి వెళ్లింది. కాళ్ల దగ్గర ముసుగేసుకుని కూర్చున్న పేషెంటు తల్లి తలెత్తి, ‘‘రోజూ ఇంత పొడవరు కదమ్మా?’’ అంది. అక్షరమ్ముక్క రాని ముసలమ్మ. ఆమె నోరు విప్పకపోతే ఆ పిల్లాడికి తెల్లారేది కాదు. నలభై ఏళ్లు కావస్తున్నా ఆ సిరంజి బరువు ఇంకా చేతిలోనే ఉంది.

అందుకే ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయి. ఎంత తొందరైనా సరే పూర్తిగా రాయి. వయల్‌లో ఎంఎల్‌కి 40 యూనిట్లా, 100 యూనిట్లా చూడు. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. కోవిడ్‌కి స్టెరాయిడ్లు ఇస్తున్నారు, షుగర్లు పెరుగుతున్నాయి, వార్డు వార్డంతా ఇన్సులినే. దానికి తోడు బ్లాక్ ఫంగస్. దాని మందు ఆంఫోటెరిసిన్ దొరక్క, ఏ రకం వస్తే అది వాడుతున్నారట. లైపోసోమల్ అయితే కిలోకి 5 మిల్లీగ్రాములు, మామూలుదైతే 1 మిల్లీగ్రాము. పేర్లు ఒకటే, లైపోసోమల్ డోసులో మామూలుది ఎక్కిస్తే ప్రాణం పోతుంది. రాసింది పైకి చదువు, సిస్టర్‌ని తిరిగి చదివి వినిపించమను. ఆవిరి పట్టిన గాగుల్స్ వెనక కళ్లని నమ్మకు.

అన్నం తింటున్నావా? గ్లోవ్స్ లోపల చేతులు నానిపోయి ఉంటాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకో.

నీ ‘పనికిరానేమో’ మాటకి ఒకరు గుర్తొచ్చారు. న్యూయార్క్‌లో ఎమర్జెన్సీ విభాగం నడిపిన డాక్టర్ లోర్నా బ్రీన్ కోవిడ్ బారినపడి, కోలుకోగానే మళ్లీ డ్యూటీకి వెళ్లారు. 2020 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకున్నారు. సాయం అడిగితే లైసెన్సుకి ముప్పని ఆమె భయపడ్డారని ఇంట్లోవాళ్లు చెప్పారు. నువ్వు అలా మింగుకోకు. జరిగింది యూనిట్ చీఫ్‌కి చెప్పు, ఆ రెండు కేస్‌షీట్‌లూ చూపించు. నిద్ర పట్టకపోతే మీ ఆసుపత్రిలోనే సైకియాట్రీ వాళ్లని కలువు. ఆపిన సిస్టర్ దగ్గరికి వెళ్లి థ్యాంక్స్ చెప్పావా? ఇంకా చెప్పకపోతే రేపే చెప్పు.

ఆదివారం మీ అమ్మ వస్తోంది. గోంగూర పచ్చడి, కందిపొడి ఇచ్చి పంపుతోంది పెద్దమ్మ. నాలుగు ముద్దలు తిని, ఫోను పక్కన పెట్టి ముందు పడుకో తల్లీ.

మీ పెద్దమ్మ